చిన్నయ్యగారికి ఇంకో ఏడాది

తమిళనాడులోని గుడియాత్తంలో మా తెలుగు సంఘానికి వేలూరు నుంచి ఏటా ఒక కుర్ర పాస్టరును పంపుతారు. పుస్తకాల చదువు అప్పటికే అయిపోయి ఉంటుంది. మనుషుల మధ్య పని నేర్చుకోవడానికి ఆ ఒక్క ఏడాది. మేము వాళ్ళను చిన్నయ్యగారు అంటాం. ఏడాది చివర వేలూరు పెద్దయ్యగారు వచ్చి, ఆరాధన అయ్యాక సంఘాన్నే అడుగుతారు: ఈయన సిద్ధమేనా, ఇంకో ఏడాది ఉండాలా? సిద్ధమంటే అభిషేకం చేసి వేరే ఊరికి పంపేస్తారు. నేర్చుకున్న చోట ఉంచే పద్ధతి లేదు. అంటే మేము ఎంత బాగా తయారు చేస్తే అంత తొందరగా పోగొట్టుకుంటామన్నమాట. ఇదేం న్యాయమో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

నేను పలమనేరులో పదో తరగతి దాకా తెలుగులో చదివి, ఇక్కడికి కోడలినై వచ్చాను. మా సంఘంలో ఎక్కువమంది కట్టడం పనివాళ్ళు. మా ఆయన కూడా మేస్త్రీయే. అందరూ ఇళ్ళలో తెలుగు గడగడా మాట్లాడతారు, తెలుగు అక్షరం చూపిస్తే మాత్రం ముఖం తిప్పుకుంటారు. కాబట్టి చర్చిలో తెలుగు తప్పులు పట్టే హక్కు నాదేనని నేనే నిర్ణయించుకున్నాను. ఎవరూ ఎదురు చెప్పలేదు. నా నోరు అలాంటిది.

నేను చెప్పబోయే చిన్నయ్యగారిది అరక్కోణం. ఇంట్లో తెలుగే, చదువంతా తమిళం. అంతకు ముందు వచ్చినవాళ్ళు తమిళంలోనే కానిచ్చేసేవారు. ఈయన మాత్రం ముసలివాళ్ళ కోసం తెలుగులోనే ప్రార్థన చేస్తానని పట్టుబట్టారు. మంచి మనసే. కాకపోతే తెలుగు ప్రార్థనను తమిళ అక్షరాల్లో రాసుకొచ్చారు.

మొదటి ఆదివారం, చెమటలు కక్కుతూ, ‘తండ్రీ, నా మనవిని కాదనవద్దు’ అని చదవాలి. కాగితం మీద ఆ మాట చూడగానే ఆయనకు అలవాటైన తమిళ మాట నోటికి వచ్చేసింది. ‘తండ్రీ, నా మనైవిని కాదనవద్దు’ అన్నారు. తమిళంలో మనైవి అంటే భార్య. ఆయనకేమో పెళ్ళి కాలేదు. ముందు వరసలో కూర్చున్న మా అత్తగారు చెయ్యి చెవికి ఆనించుకుని, చర్చి అంతా వినబడేలా అడిగింది.

“పిల్ల యాడుండాదప్పా?”

ఆ నవ్వులు ఆగేసరికి కానుకల పాట కూడా అయిపోయింది.

రెండో ఆదివారం ప్రసంగం. తమిళంలో ‘ప’కూ ‘బ’కూ ఒకటే అక్షరం, ‘త’కూ ‘ద’కూ ‘ధ’కూ ఒకటే. ‘మీ బాధలు దేవుడు చూస్తున్నాడు’ అని ఆయన ఎంతో ప్రేమగా రాసుకున్నది, నోట్లోంచి ‘మీ పాదాలు దేవుడు చూస్తున్నాడు’ అని వచ్చింది. సిమెంటుకు పగిలిన పాదాలున్న మేస్త్రీలందరూ ఒక్కసారిగా కాళ్ళు లోపలికి లాక్కున్నారు. నేను పకపకా నవ్వాను. ఇంటికి వచ్చాక ఆయన ముఖం గుర్తొచ్చి నా మీద నాకే కోపం వచ్చింది. వెంటనే కబురు పెట్టాను, శనివారం మధ్యాహ్నం మా ఇంటికి పలక తీసుకుని రమ్మని.

చర్చిలో ఆయన ‘మీరు’. మా వంటింట్లో మాత్రం ‘నువ్వు’. ఆ ఒప్పందం మీదే పాఠాలు మొదలయ్యాయి.

“ఒక పకారానికి నాలుగు అక్షరాలెందుకమ్మా?” అని మొదటి రోజే మొరపెట్టుకున్నారు.

“నాలుగూ వేరేవేరేగా పలకాల గనక. పాదానికి, బాధకి తేడా తెలీకుండా ఊరి మీద పడితే ఎట్ల నాయనా?”

నేను సుద్దముక్కతో పలక మీద కొడితే, మా అత్తగారు లోపలి నుంచి నన్నే తిట్టేది. “ఆ బిడ్డను రొంత తిననీ. అక్షరాలు యాడికీ పోవు.” సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి ముందు పెట్టి, తిన్నంతసేపూ ఆయన పక్కనే కూర్చునేది. నేను పెట్టిన తప్పుల నోటుబుక్కు నెలనెలా లావవుతూ వచ్చింది. ఆయన కూడా రొంత లావయ్యారు.

అక్షరాలు నేను నేర్పాను గానీ, అసలు పని ఆయన ఎలా నేర్చుకున్నారో నాకు తెలియదు. మా వాళ్ళలో ఒకాయన పనిలో గోడకు కట్టిన సారం కొయ్యల మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. చిన్నయ్యగారితో నేనూ వెళ్ళాను. చక్కగా రాసుకున్న ప్రార్థన జేబులో ఉంది. ఆ ఇంట్లో నీళ్ళు లేక పొయ్యి వెలిగించలేదని చూసి, ఆయన ఆ కాగితం బయటికే తీయలేదు. బిందె తీసుకుని వీధి కొళాయి దగ్గర వరసలో నిలబడ్డారు. నీళ్ళు తెచ్చి పెట్టి, ఆ మనిషి మంచం పక్కన కింద కూర్చుని, అతను చెప్పిందంతా విన్నారు. అది నా నోటుబుక్కులో రాసేది కాదు. కానీ ఆ రోజు నుంచి ఈయన మా మనిషి అని నాకు గట్టిగా అనిపించింది.

అక్కడే చిక్కు వచ్చింది. ఏడాది దగ్గర పడేకొద్దీ సంఘమంతా ఒక కుట్రకు దిగింది. ‘సిద్ధం కాలేదు’ అని చెబితే ఇంకో ఏడాది మనకే ఉంటారు. అబద్ధం కూడా కాదు, తప్పులు ఇంకా చదువుతారు కదా. చెప్పే పని నాకు అప్పజెప్పారు. సాక్ష్యానికి నోటుబుక్కు ఉంది, నోరు ఎలాగూ ఉంది. మా అత్తగారైతే వారం ముందు నుంచే నాకు పాఠం చెప్పింది.

“ఇంకా పచ్చిగా ఉండాడని చెప్పు. రెండు మాటలే. ఎక్కువ మాట్లాడి చెడగొట్టవాక.”

“సెరి” అన్నాను. నిజంగానే ఒప్పుకున్నాను. ఆయన వెళ్ళిపోతే శనివారాలు ఏం చేయాలో నాకు తోచలేదు.

ఆ ఆదివారం పెద్దయ్యగారు పొద్దున బస్సుకే వచ్చేశారు. చిన్నయ్యగారు తమిళ కాగితం లేకుండా నిలబడి, తెలుగు అక్షరాల మీద వేలు పెట్టుకుని వాక్యం చదివారు. నెమ్మదిగా, చంటిబిడ్డను నడిపించినట్టు ఒక్కో మాటనూ నడిపించుకుంటూ చదివారు. ఒక చోట దీర్ఘం మింగేశారు, ఒక చోట ‘భ’ను ‘ప’ చేశారు. నేను లెక్క పెట్టుకుంటూనే ఉన్నాను. చుట్టూ ముసలివాళ్ళు మాత్రం కదలకుండా విన్నారు.

ఆరాధన అయ్యాక పెద్దయ్యగారు లేచి, సంఘాన్ని అడిగే ముందు ఆయన్నే అడిగారు.

“నీకు నువ్వు సిద్ధమనుకుంటావా?”

“నాకు తెలీదయ్యా. నా తప్పులన్నీ అమ్మ నోటుబుక్కులో ఉండాయి. ఆయమ్మ నాతో ఎప్పుడూ అబద్ధం చెప్పలేదు. ఏం చెప్తే అదే.”

అందరూ నా వైపు తిరిగారు. లేచి నిలబడ్డాను. నోటుబుక్కు చేతిలో ఉంది. మా అత్తగారు నా చీర కొంగు పట్టుకుని లాగుతోంది, గుర్తు చేయడానికి. ఆ పిల్లాడి మీద నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అందరి ముందూ నన్ను అంతగా నమ్మమని ఎవరు చెప్పారు?

“తప్పులు ఉండాయయ్యా,” అన్నాను. “ఈ రోజు రెండు. తప్పు చదివినా, మా ఇండ్లలో ఏం జరగతాండాదో సరిగ్గా చదివినాడు. మేము నేర్పేది అయిపోయింది. సిద్ధంగా ఉండాడు.”

కొంగు వదిలేసింది మా అత్తగారు. ఆ రోజు నుంచి భోజనం దగ్గర కూడా నాతో మాట్లాడలేదు. సంఘంలో సగంమంది వారం పాటు నన్ను చూస్తే పక్కకు తప్పుకున్నారు. కాలు విరిగినాయన మాత్రం, “ఆమా, అట్లే చెప్పాల” అని నన్ను సమర్థించాడు, అదీ చాలా చిన్న గొంతుతో.

అభిషేకం వేలూరులో, నెమిలి అనే ఊరి పక్కన ఒక సంఘానికి నియామకం. అక్కడ అంతా తమిళమే. నేను కష్టపడి నేర్పిన నాలుగు అక్షరాలూ అక్కడ ఎవరికీ పనికిరావు. వెళ్ళే ముందు సంచీ భుజాన వేసుకుని మా వంటింటి గడప దగ్గర నిలబడ్డారు. సంగటి పెట్టాను. తిన్నారు. చెయ్యి కడుక్కుంటూ అటు తిరిగే అన్నారు.

“ఇంకో ఏడాది అని చెప్తావనుకొంటినమ్మా.”

“భయపడినావా నాయనా?”

“లేదు. అట్ల చెప్పాలని వారమంతా ప్రార్థన చేసుకొంటిని.”

చెయ్యి కడుక్కున్న మనిషికి ఇంకో ముద్ద సంగటి వడ్డించాను. మా అత్తగారు లోపలి నుంచి వచ్చి, ఇద్దరినీ చూసి, వారం తర్వాత మొదటిసారి నా భుజం మీద చెయ్యి వేసింది.