అత్తయ్య సాక్ష్యంలో నేను కలిపిన వాక్యం

పోయిన ఆదివారం బందరులో మా చర్చిలో ఆరాధన ముగిసే ముందు ఒకావిడ సాక్ష్యం చెప్పడానికి లేచింది. దేవుడు తమకు చేసిన మేలును పదిమంది ముందు నిలబడి చెప్పుకోవడాన్ని మేము సాక్ష్యం అంటాం. ఆవిడకి షుగరు పూర్తిగా పోయిందట, నెల రోజులుగా మాత్ర ముట్టలేదట. అందరూ చప్పట్లు కొట్టారు. నా చేతులు ఒళ్లోంచి లేవలేదు. మంచినీళ్ల వంకతో బయటికి వచ్చి, ఆరాధన అయ్యేదాకా చెప్పుల దగ్గర నిలబడి, ఆవిడ రాగానే "డాక్టరుగారిని అడిగే మానేశారా అండీ?" అన్నాను. "మీకు విశ్వాసం లేదా అండీ?" అని అడిగింది ఆవిడ, మర్యాదగానే. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. ఇంటికి వచ్చి అన్నం కూడా సరిగ్గా తినలేదు. మా మేనత్త గుర్తొస్తే నాకు ఇప్పటికీ అంతే.

డిగ్రీ మూడేళ్లూ నేను గుడివాడలో అత్తయ్య వాళ్లింట్లో ఉండి చదువుకున్నాను. అత్తయ్యా మావయ్యా ఇద్దరూ దివిసీమ వాళ్లే. ఇద్దరూ ఉప్పెన చూసినవాళ్లే. ఆ రోజు అత్తయ్య తుమ్మచెట్టు కొమ్మ పట్టుకుని తెల్లారేదాకా ప్రార్థన చేస్తూ బతికి బయటపడింది. దేవుడు ఉన్నాడని ఆవిడకి ఆ రోజే గట్టిగా తెలిసింది. అదే నీళ్లలో మావయ్య తల్లీ, ఇద్దరు చెల్లెళ్లూ పోయారు. దేవుడు లేడని ఆయనకీ ఆ రోజే అంత గట్టిగానూ తెలిసింది. ఇలాంటి ఇద్దరికి పెళ్లి ఎలా కుదిర్చారో మా తాతయ్యనే అడగాలి. కుదిరిన తర్వాత మాత్రం వాళ్లు ఒక ఒప్పందానికి వచ్చారు. ఆవిడ దేవుడి జోలికి ఆయన వెళ్లడు, ఆయన్ని మార్చాలని ఆవిడ చూడదు. నేను చూసినంత కాలం ఇద్దరూ ఆ మాట తప్పలేదు.

మావయ్య రైసుమిల్లులో మెకానిక్కు. ఆదివారం పొద్దున్నే అత్తయ్యని లూనా మీద చర్చి దగ్గర దింపి, ఎదురుగా ఉన్న టీ కొట్లో పేపరు పట్టుకుని కూర్చునేవాడు. ఆవిడ బయటికి రాగానే "ఇవాళ మీ అయ్యగారిది మూడు టీల ప్రసంగం" అనేవాడు. అయ్యగారంటే మా పాస్టరుగారు. రెండు టీలైతే బాగా చెప్పినట్టు లెక్క. ఇంట్లో అన్నం ముందు అత్తయ్య కళ్లు మూసుకుని ప్రార్థన చేసేది. ఆ ప్రార్థనలో నలుగురు బంధువులూ, ఇద్దరు జబ్బు మనుషులూ, ఒక్కోసారి ప్రధానమంత్రిగారూ కూడా వచ్చేవారు. పప్పు చల్లారిపోయేది. మావయ్య కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని, ఆవిడ ఆమెన్ అనేదాకా నోట్లో పెట్టుకునేవాడు కాదు. అత్తయ్య కూడా తక్కువ మనిషి కాదు. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో "పేరు చెప్పని ఒక ఆత్మ కోసం" కన్నీళ్లతో వేడుకునేది. ఆ ఆత్మ ఎదురు కొట్లో టీ తాగుతోందని చర్చిలో అందరికీ తెలుసు. వాళ్లని చూసి, మొగుడూ పెళ్లాలంటే ఇలా ఉండాలి అనుకునేదాన్ని.

అత్తయ్యకి నలభై దాటకముందే బీపీ వచ్చింది. రోజూ మాత్ర వేసుకునేది. ఒక ఏడాది వేరే ఊరి నుంచి ఒక దైవసేవకుడు వచ్చి, జబ్బులు నయం కావాలని ప్రార్థన చేసే స్వస్థత కూటాలు మూడు రోజులు పెట్టాడు. మందులు మానమని ఆయన నోటితో అనలేదు. విశ్వాసం ఉన్నచోట అనుమానానికి చోటుండదు అన్నాడు, అంతే. ఆయన ప్రార్థన చేశాక అత్తయ్యకి తలనొప్పి తగ్గింది. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పాలని మనసు పడింది. ఆవిడ చదువు అయిదో తరగతి. అందుకని నన్ను రాసిపెట్టమంది.

నేనప్పుడు కాలేజీలో వ్యాసరచన పోటీల్లో ఫస్టు వస్తున్న రోజులు. ఎక్కడ ఏం రాస్తే వినేవాళ్లు కదిలిపోతారో నాకు తెలుసని నా గర్వం. తలనొప్పి తగ్గింది, దేవుడికి స్తోత్రం, అంతే అత్తయ్య రాయమన్నది. నాకు అది చప్పగా తోచింది. చివర్లో నా సొంతంగా ఒక వాక్యం కలిపాను: "నా మాత్రలన్నీ కాలువలో పారేశాను, ఇకమీదట నా వైద్యుడు నా ప్రభువే." చదివి వినిపిస్తే అత్తయ్య కళ్లు తుడుచుకుని, మళ్లీ చదవమంది. మూడోసారి చదివించుకున్నాక ఆవిడ ముఖం మారింది.

"నేను పారెయ్యలేదు కదే" అంది.

"పారేస్తే సరిపోతుందిగా అత్తయ్యా" అన్నాను నేను, నవ్వుతూ.

దేవుడి సన్నిధిలో అబద్ధం చెప్పడం చేతకాని మనిషి. శనివారం మధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని కాలువ గట్టుకి నడిచి, మాత్రలు ఒక్కొక్కటే రేకుల్లోంచి విప్పి నీళ్లలో వేసింది. నేను పక్కనే నిలబడ్డాను. వద్దు అనలేదు. ఎందుకనలేదని ఇన్నేళ్లుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. వద్దంటే ఆ వాక్యం కొట్టేయాలి. నిజం చెప్పాలంటే, నాకు ఆ వాక్యం మీద ఆశ.

ఆదివారం చర్చి మొత్తం కదిలిపోయింది. నేను వెనక బెంచీలో కూర్చుని, అత్తయ్య తడుముకుంటుందేమోనని పెదాలు కదుపుతూ ఉన్నాను. ఆవిడ తడుముకోలేదు. తర్వాత గూడూరు వాళ్లు పిలిచారు, పెడన వాళ్లు పిలిచారు. వెళ్లిన ప్రతిచోటా అత్తయ్య ఆ వాక్యం చెప్పింది. మూడో నెలలో మెడనరాలు లాగేస్తున్నాయని, కళ్లు మసకలు కమ్ముతున్నాయని మంచం మీద వాలేది. భయమేసి మాత్ర వేసుకోమన్నాను.

"ఇన్ని ఊళ్లలో చెప్పాక ఇప్పుడు వేసుకుంటే నేను అబద్ధాలకోరుని అయిపోనా? నా సంగతి సరే, ఆయన పేరేం కాను?" అంది. ఆయన అంటే దేవుడు.

మావయ్య నెల నెలా మాత్రలు తెస్తూనే ఉన్నాడు. అవి అలమరలో అలాగే ఉండిపోవడం చూస్తూనే ఉన్నాడు. ఒకరోజు మంచినీళ్ల గ్లాసు పక్కన ఒక మాత్ర పెట్టి ఆవిడ ముందుకి జరిపాడు. ఆవిడ నీళ్లు తాగి, మాత్రని తిరిగి ఆయన వైపు జరిపింది. ఆయన తల దించుకుని చొక్కా తొడుక్కుని మిల్లుకి వెళ్లిపోయాడు.

అయిదో నెలలో, గిన్నెలు కడుగుతూ కడుగుతూ అత్తయ్య పక్కకి ఒరిగిపోయింది. ప్రాణం దక్కింది గానీ కుడివైపు పడిపోయింది, మాట పోయింది. ఆసుపత్రి వరండాలో మావయ్య నా పక్కన కూర్చుని, "అడ్డు చెప్పకపోవడం గౌరవం అనుకున్నానమ్మా. అలమర తీసిన ప్రతిసారీ అదే అనుకున్నాను" అన్నాడు. అప్పుడు నా సంగతి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

రెండు నెలల తర్వాత చర్చి ఆడవాళ్లు ఇంటికి వచ్చి పాట ఎత్తుకున్నారు. మంచినీళ్లు అని కూడా అనలేని అత్తయ్య వాళ్లతో కలిసి చరణం మొత్తం పాడింది. మాటలు పోయినా పాటలు మిగలడం కొంతమందికి ఉంటుందని డాక్టరు చెప్పాడు. ఆరోజు గుమ్మంలో నిలబడిపోయిన మావయ్య, మర్నాటి నుంచి కీర్తనల పుస్తకం ముందేసుకుని పాటలు నేర్చుకోవడం మొదలుపెట్టాడు. ఆయన గొంతుకీ రాగానికీ పొత్తు లేదు. అయినా ఆవిడకి తల దువ్వుతూ ఒక్కొక్క పాట ఎత్తుకునేవాడు, ఆవిడ అందుకునేది. ఊళ్లో ఇది పాకిపోయింది. పేరు చెప్పని ఆత్మ దారికి వచ్చిందని అయ్యగారు సంతోషంతో పరుగెత్తుకొచ్చారు.

"అయ్యగారూ, నేను మీ దేవుణ్ణి పిలవట్లేదండీ. మా ఆవిణ్ణి పిలుస్తున్నాను" అన్నాడు మావయ్య.

అయ్యగారు అత్తయ్య వైపు చూశారు. తర్వాత "పిలవండి బాబూ, గట్టిగా పిలవండి" అని తానూ చాప మీద కూర్చుని గొంతు కలిపారు. ఆ తర్వాత ప్రతి బుధవారం వచ్చేవారు. బాప్తిస్మం ఊసు ఎప్పుడూ ఎత్తలేదు. డాక్టరు చెప్పకుండా ఎవరూ మందులు మానొద్దని ఆయన ప్రసంగంలో చెప్పడం మొదలుపెట్టింది అప్పటి నుంచే.

అత్తయ్య అలా ఆరేళ్లు బతికింది. నన్ను చూసినప్పుడల్లా ఎడమచేత్తో నా చెంప నిమిరేది. నాకు తిట్టు కావాలి. తిట్టడానికి ఆవిడకి మాటల్లేవు, ఉన్నా తిట్టేది కాదు. అది నాకు ఇంకా కష్టంగా ఉండేది.

ఆవిడ్ని సమాధి చేసిన పదో రోజు మధ్యాహ్నం మావయ్య ఆవిడ చీరలు మడత పెడుతుంటే, రెండో కొస పట్టుకుని నిలబడి అంతా చెప్పేశాను. వాక్యం నాదేనని, పారేస్తే సరిపోతుందని అన్నది నేనేనని, కాలువ దగ్గర పక్కనే ఉన్నానని చెప్పాను. ఆయన చేతులు ఆగిపోయాయి. కోప్పడతాడని ఎదురుచూశాను.

"రాసేటప్పుడు నువ్వు నమ్మావా అమ్మా, ఆ మాటని?" అని అడిగాడు.

"లేదు మావయ్యా. వినడానికి బాగుంటుందని రాశాను."

ఆయన చీర నా చేతిలోంచి నెమ్మదిగా తీసుకున్నాడు. "నమ్మి రాసుంటే బాగుండేదమ్మా" అన్నాడు. దేవుడు లేడని జీవితమంతా నమ్మిన మనిషి.

అత్తయ్య పోయిన వయసు నేను ఎప్పుడో దాటేశాను. ఇన్నేళ్లలో నమ్మకం నాకు పోయింది, వచ్చింది, మళ్లీ పోయి మళ్లీ వచ్చింది. కాలువ గట్టు మీద ఆ మధ్యాహ్నం మాత్రం నాకింకా గడవలేదు.