కొరకకూడని దారం

నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. మా ఇంట్లోవాళ్లని అడిగినా చెబుతారు, గవర్నర్‌పేటలో నేను పనిచేసే పళ్ల క్లినిక్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. ఇరవయ్యేళ్లు డాక్టర్ల పక్కన నిలబడి పనిముట్లు అందించాను. ఆ తర్వాత కొత్తగా వచ్చేవాళ్లకి అదే పని నేర్పడం మొదలుపెట్టాను. ఒకప్పుడు పన్ను పీకినా, పళ్ల సెట్టు కట్టినా అంతా ఒక్క డాక్టరే. ఇప్పుడు రూట్ కెనాల్‌కి ఒకరు, క్లిప్పులకి ఒకరు, చిగుళ్లకి ఒకరు, పిల్లలకి ఒకరు. ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. పిల్లల డాక్టరు పక్కన కబుర్లు చెబుతూ పని చేయాలి, రూట్ కెనాల్ డాక్టరు పక్కన ఊపిరి కూడా మెల్లిగా తీసుకోవాలి. అందుకే ఒక విడతకి నలుగురే ఆడవాళ్లని తీసుకుని, రోజూ పొద్దున్నే పేషెంట్లు రాకముందు, మూడు నెలలు నేర్పుతాను.

పోయిన ఎండాకాలం విడతలో ఒకావిడ మంగళగిరి నుంచి వచ్చేది. ముప్పై అయిదేళ్లుంటాయి. చేనేత కుటుంబం. ఊహ తెలిసినప్పటి నుంచి గుంటమగ్గం మీదే కూర్చుని, నడుం పాడు చేసుకుంది. ఇంక గుంటలో దిగొద్దని డాక్టరు చెప్పాడట. వాళ్ల అత్తగారు మాత్రం మూడు నెలలు గడువిచ్చింది. ఆలోగా ఉద్యోగం దొరికిందా సరే, లేదంటే మళ్లీ మగ్గమే.

“మా అత్తయ్య మాటకి తిరుగుండదండీ,” అంది మొదటిరోజే నవ్వుతూ. “మీరు ఎన్ని తిట్టినా తిట్టండి, నేను మాత్రం ఎల్లను.”

“తిట్టించుకునే పని చేయకు, నేనెందుకు తిడతాను!” అన్నాను.

రెండోరోజే చేసింది. రూట్ కెనాల్ చేసేటప్పుడు పేషెంటు నోటికి అడ్డంగా పల్చటి రబ్బరు షీటు పరుస్తారు. అది జారకుండా పన్ను మెడని పట్టుకునే చిన్న స్టీలు కొక్కెం ఒకటుంటుంది. దాన్ని క్లాంప్ అంటాం. వేలిగోరంత ఉంటుంది. పొరపాటున ఊడి గొంతులో పడితే లాగడానికి, ముందే దానికి పళ్ల సందులు తోముకునే ఫ్లాస్ దారం కట్టి, కొస నోటి బయటికి వదులుతాం. ఆ కట్టడం ప్లాస్టరు పళ్ల మీద చూపించి, మీరు కట్టండి అన్నాను. మిగతా ముగ్గురూ వేళ్లకి చుట్టుకుని తంటాలు పడుతుంటే, ఈవిడ చిటికెలో ముడి వేసింది. అబ్బ, ఏం ముడి! లాగినకొద్దీ బిగుస్తోంది. మెచ్చుకుందామని నోరు తెరిచేలోగా, మాస్కు గడ్డం కిందికి లాగి, దారాన్ని కటుక్కున పంటితో కొరికేసింది.

“ఏయ్! పేషెంటు నోట్లో పెట్టే దారాన్ని నీ నోటితో కొరుకుతావా?”

ఆవిడ బిత్తరపోయి చూసింది. తర్వాత అమాయకంగా, “ఎలాగూ నోట్లోకే కదండీ పోయేది?” అంది.

ముగ్గురూ పడీపడీ నవ్వారు. నాకూ నవ్వాగలేదు గానీ, గోడవైపు తిరిగి నవ్వుకున్నాను. మనం నవ్వితే క్లాసు చేయి జారిపోతుంది.

తప్పు ఆవిడది కాదు. మగ్గం మీద పోగు తెగితే అతకడం, మిగిలిన కొసని పంటితో తుంచడం చిన్నప్పటి నుంచీ అలవాటు. మనసుకి తెలిసినా పళ్లకి తెలియడంలేదు. చెప్పి చెప్పి విసిగి, తెల్ల ప్లాస్టరు ముక్క మీద ‘కత్తెర’ అని పెద్ద అక్షరాలతో రాసి ఆవిడ మాస్కు మీద అంటించాను. ఆవిడ చేయి నోటిదాకా వెళితే చాలు, మిగతా ముగ్గురూ కలిసి “కత్తెరా!” అని అరిచేవాళ్లు. కింద టీకొట్టు అతను ఏమైందోనని మెట్లెక్కి వచ్చాడు ఒకసారి. ఇంకోరోజు ఆ మాస్కుతోనే బస్సెక్కి మంగళగిరి వెళ్లిపోయింది మహాతల్లి. వారధి మీద బస్సు ఆగినప్పుడు కండక్టరు ఆ అక్షరాలు చదివి, “టైలరింగ్ షాపా అమ్మా?” అని అడిగాడట. మర్నాడు అది చెప్పి అందరి పొట్టలూ చెక్కలు చేసింది.

నిజం చెప్పాలంటే, ఆ మూడు నెలలు నాకు క్లినిక్‌కి వెళ్లడం పండగలా ఉండేది. భవానీపురంలో బస్సెక్కుతూనే ఇవాళ ఏం చేస్తుందో అనుకునేదాన్ని. నెల తిరిగేసరికి కొరకడం మానేసింది. పనిముట్లు నేను అడగకముందే అందిస్తోంది.

గడువు వారం రోజుల్లోకి వచ్చింది. మా రూట్ కెనాల్ డాక్టరు గారికి ఒక అసిస్టెంటు కావాలి. శనివారం ఈవిడని పక్కన నిలబెట్టుకుని చూస్తానన్నారు. ఆయనకి నచ్చితే ఉద్యోగం, లేకపోతే అత్తగారి మగ్గం. శుక్రవారం చివరిసారి అన్నీ చేయించి చూశాను. క్లాంపుకి రెండు చివరలా రెండు చిల్లులుంటాయి. ఈవిడ రెండింటికీ దారం కట్టింది.

“ఒక వైపు కడితే చాలని ఎన్నిసార్లు చెప్పాలి? అనవసరంగా టైము దండగ. డాక్టరు గారు చిరాకు పడతారు.”

“మధ్యలో తెగితే రెండో కొస ఎటు పోద్దో తెలీదు కదండీ,” అని గొణిగింది.

“అది నూలుపోగు కాదు, స్టీలు. నాకు నేర్పకు!” అన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. ఆవిడ ఒక ముడి విప్పేసింది.

శనివారం వచ్చిన పేషెంటు వన్ టౌన్‌లో హోల్‌సేల్ బట్టల వ్యాపారి. భారీ మనిషి. నోరు తెరిచి ఉంచమన్నా మాట్లాడుతూనే ఉన్నాడు. మిగతా ముగ్గురితో పాటు నేనూ వెనక నిలబడి చూస్తున్నాను. ఈవిడ మొహం మాస్కు పైనంతా చెమట. డాక్టరు గారు చేయి చాపగానే క్లాంప్ అందించింది. చూద్దును కదా, రెండు దారాలు వేలాడుతున్నాయి! కంగారులో చేతులు వాటి దారిన అవి కట్టేశాయి. అయిపోయింది, అనుకున్నాను. పళ్లు నూరుకుంటూ ఆవిడవైపు చూశాను.

డాక్టరు గారు క్లాంప్ ఎక్కించారు. ఇంకా రబ్బరు పరవలేదు. టప్‌మని చప్పుడైంది. పాత క్లాంప్, సరిగ్గా మధ్యకి విరిగింది. రెండు ముక్కలూ నాలుక మీదుగా లోపలికి జారాయి. ఆ పెద్దాయన కళ్లు పెద్దవయ్యాయి, మింగబోతున్నాడు. డాక్టరు గారు నోరు తెరిచేలోగా ఈవిడ రెండు కొసలూ రెండు చేతుల్తో పట్టుకుని ఒక్కసారి లాగింది. రెండు ముక్కలూ దారాల చివర ఊగుతూ బయటికొచ్చి ట్రేలో పడ్డాయి.

డాక్టరు గారు రెంటినీ పక్కపక్కన పెట్టి పేషెంటుకి చూపించి, జరిగింది చెప్పారు. ఆయన ఓ నిమిషం గాలి పీల్చుకుని, “ఏంటండీ, నా నోట్లో గేలం వేసి చేపలు పట్టారా?” అన్నాడు.

అందరం నవ్వాం. డాక్టరు గారు మాత్రం దారాలనే చూస్తున్నారు. “రెండు వైపులా కట్టమని ఎవరు నేర్పారమ్మా?”

ఆవిడ నావైపు ఒకసారి చూసింది. “మేడమ్ గారే నేర్పారండీ,” అంది.

నాకు చచ్చేంత సిగ్గేసింది. ముందురోజు అన్ని మాటలన్న నన్ను, తన ఉద్యోగం తేలే చోట నిలబడి, వెనకేసుకొస్తోంది. ఊరుకుంటే సరిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. ఊరుకోలేకపోయాను.

“అబద్ధమండీ. నేను ఒక వైపే కట్టమన్నాను. ఇరవయ్యేళ్లుగా నేనూ ఒక వైపే కడుతున్నాను. రెండు వైపులా కట్టిందని నిన్న తిట్టాను కూడా. ఇది ఆవిడ సొంత తెలివి.”

డాక్టరు గారు నన్నూ ఆవిడనీ మార్చి మార్చి చూశారు. “అయితే సిస్టర్, ఇక నుంచి మీరూ రెండు వైపులా కట్టండి. ఈవిడ సోమవారం నుంచి నా దగ్గరే.”

పేషెంటు వెళ్లేదాకా ఆవిడ ఎలా నిలబడిందో తెలియదు. తలుపు మూసుకోగానే మెట్ల మీద టపటపా పరుగెత్తిన చప్పుడు. అయిదు నిమిషాల్లో రెండు మూరల మల్లెదండతో తిరిగొచ్చింది. వగరుస్తూనే ముందు వాళ్ల అత్తయ్యకి ఫోన్ చేసి, “నాకు ఉద్యోగం వచ్చింది అత్తయ్యా!” అని అరిచింది. తర్వాత దండ మా అందరికీ పంచబోయింది. పంచాలంటే దారం తెంపాలి. చేయి అలవాటుగా నోటిదాకా వెళ్లింది.

“కత్తెరా!” అని ముగ్గురూ అరిచారు.

ఆవిడ దారాన్ని పెదాల దగ్గరే పట్టుకుని, కళ్లనిండా నీళ్లతో, నవ్వుతూ నావైపు చూసింది. “మేడమ్ గారూ, ఇది కొరకొచ్చా అండీ?”

“కొరుకు తల్లీ,” అన్నాను. “తనివితీరా కొరుకు.”

కటుక్కున కొరికింది. మొదటి ముక్క నా జడలోనే పెట్టింది.