మామయ్యగారి విన్నపం

మా వైపు క్రైస్తవులం చర్చిని గుడి అనే అంటాం. అమెరికా వచ్చాక కూడా ఆ మాట మా నోటి నుంచి పోలేదు. మేమున్న వీధి చివర ఎర్ర ఇటుకల గుడి ఒకటి ఉండేది. దాన్ని కట్టుకున్న తెల్లవాళ్ళు ఒక్కొక్కరే శివార్లకు వెళ్ళిపోయారు. మిగిలిన కొద్దిమంది ముసలివాళ్ళు ఆదివారం పొద్దున్న ఆరాధన చేసుకుని, మధ్యాహ్నం తాళాలు మాకిచ్చేవారు. డెబ్బైల చివర్లో ఆ చుట్టుపక్కల తెలుగువాళ్ళం అక్కడే ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. మాలో ఎక్కువమంది నర్సులు, వాళ్ళ భర్తలు, కొందరు డాక్టర్లు.

మా మామయ్యగారికి మాత్రం అది రోజూ గుడే. ఆయన కృష్ణా జిల్లాలో ఒక మిషన్ బడికి హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. అత్తయ్యగారు పోయాక మా ఆయన పట్టుబట్టి తీసుకొచ్చాడు. తీసుకొచ్చి ఏం ఉద్ధరించాం? నేను హాస్పిటల్‌కి, మా ఆయన స్టీలు మిల్లుకి, పెద్దాయన కిటికీ దగ్గరికి. కారు నడపడం రాదు, నేర్చుకునే వయసూ కాదు. క్షవరానికి వెళ్ళాలన్నా మాలో ఒకరికి తీరిక దొరకాలి. అమెరికా మొత్తం మీద ఆయన ఎవరినీ అడక్కుండా తన కాళ్ళతో వెళ్ళి రాగలిగిన చోటు ఆ గుడి ఒక్కటే. పొద్దున్నే టై కట్టుకుని, కోటు తొడుక్కుని బయల్దేరేవారు. ముసలివాళ్ళు ఆయనకిచ్చిన తాళంతో తలుపు తీసి, బెంచీలు తుడిచి, కీర్తనల పుస్తకాలు సర్ది, ముందు వరుసలో కూర్చుని బైబిలు చదువుకుని అన్నం వేళకు తిరిగొచ్చేవారు. మంచు పడుతున్నప్పుడు వెళ్ళొద్దని నేను పోట్లాడేదాన్ని. వానల్లో బడికి వెళ్ళలేదా అని ఆయన నా నోరు మూయించేవారు.

మిల్లులు ఒకటొకటే మూతపడుతున్న రోజులవి. మా వీధిలో పగటిపూట మగవాళ్ళు అరుగుల మీద కనిపించడం మొదలైంది. అలాంటప్పుడు సిటీవాళ్ళకి మా పేట మీద దయ పుట్టింది. రైలు పట్టాల పక్కన బస్సులకే ప్రత్యేకంగా ఒక రోడ్డు వేస్తారట, ట్రాఫిక్ లేకుండా డౌన్‌టౌన్‌కి చిటికెలో వెళ్ళిపోవచ్చట, మా వీధి చివర పెద్ద స్టేషన్ కడతారట. ప్లానింగ్ ఆఫీసు నుంచి ఒక ఎర్రజుట్టు యువకుడు వచ్చి గుడి బేస్‌మెంట్‌లో రెండు మ్యాపులు బోర్డుకి గుచ్చాడు. ఒకదాంట్లో మా గుడి ఉన్నచోట బస్సులు తిరిగే వంపు ఉంది. రెండోదాంట్లో గుడి గుడిలాగే ఉంది, ఎదుటి వరుసలో రెండు ఇళ్ళు లేవు. ఇంకా ఏదీ తేలలేదని, పబ్లిక్ హియరింగ్‌లో పేటవాళ్ళు ఏమంటారో విని తేలుస్తామని చెప్పాడు. ఆ మాటకొస్తే అతను మాకెప్పుడూ అబద్ధం చెప్పలేదు.

గుడి సొంతదారులైన ముసలివాళ్ళు అప్పటికే చేతులెత్తేశారు. ఏదైనా మాకు సమ్మతమే అన్నారు. ఇక గుడి తియ్యొద్దని అడగాల్సింది మేమే. మాలో ఎవరు మాట్లాడాలనేది తేలడానికి ఎంతోసేపు పట్టలేదు. మా ఆయన ఒక డాక్టరుగారి పేరు చెప్పబోయాడు గానీ అందరూ మామయ్యగారి వైపే తిరిగారు. పెద్దవారుండగా ఇంకొకరు లేస్తే ఏం బాగుంటుంది? పైగా ఆయన ఇంగ్లీషు మా అందరి ఇంగ్లీషు కన్నా గొప్పది. ఆయన నిటారుగా కూర్చుని, ప్రయత్నిస్తానన్నారు. ఈ దేశం వచ్చాక ఆయన్ను ఎవరైనా ఒక పని చేసిపెట్టమని అడగడం అదే మొదలు.

వారం రోజులు ఇంట్లో అదే గొడవ. పెరట్లో నడుస్తూ ఉపన్యాసం వల్లె వేసుకునేవారు. ఒకరోజు అన్నం దగ్గర కూడా మొదలుపెడితే వడ్డిస్తూ విన్నాను. వందనాలు, కృతజ్ఞతలు, మళ్ళీ వందనాలు. నాకు ఒళ్ళు మండింది. ఇక్కడివాళ్ళు మనిషికి మూడే నిమిషాలిస్తారని, సంగతి ముందు చెప్పమని అన్నాను.

"ముందు నమస్కారం, తర్వాతే కదమ్మా అర్జీ. మొహం చూడగానే ఇది కావాలి, అది వద్దు అంటే మర్యాదేనా?" అన్నారు.

ఆయన కలెక్టర్ల దగ్గరికి, మిషన్ దొరల దగ్గరికి బడి తరఫున ఎన్నోసార్లు వెళ్ళిన మనిషి. బడికి పైకప్పు, బావి, పిల్లలకు మధ్యాహ్న భోజనం అన్నీ అలా అడిగి సాధించినవే. దండ వేసి, శాలువా కప్పి, దొరగారి పుణ్యాన తాము ఎంత సుఖంగా ఉన్నామో చెప్పి, చివర్లో తలవంచి ఒక్క మాట అడగడం. ఆ ఒక్క మాట కోసమే అదంతా అని దొరకీ తెలుసు, పక్కనున్న బంట్రోతుకీ తెలుసు.

హియరింగ్ ఒక హైస్కూలు జిమ్‌లో జరిగింది. ముందు బల్ల వెనక కమిటీ, బల్ల మీద మాట్లాడేవాళ్ళకి టైము చూపే మూడు రంగుల దీపాలు. మాకన్నా ముందు ఎదురింటి నల్లజాతి పెద్దావిడ లేచింది. రెండో మ్యాపులో పోయే ఇళ్ళలో ఒకటి ఆవిడది. వందనం లేదు, గిందనం లేదు. ఆ ఇల్లు తన భర్త రెక్కలు ముక్కలు చేసుకుని కొన్నదని, తను బతికుండగా దాని మీద చెయ్యి వెయ్యనివ్వనని, రాసుకోండని చెప్పి కూర్చుంది. ఆవిడకి పచ్చదీపం కూడా ఆరలేదు. జిమ్ అంతా చప్పట్లు.

తర్వాత మామయ్యగారు. మైకు దగ్గరికి కాకుండా తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి, సంచిలోంచి జరీ శాలువా తీసి ఛైర్మన్ భుజాల మీద కప్పారు. ఛైర్మన్ కంగారుపడి నవ్వాడు. పేట పత్రిక వాడు ఫొటో తీశాడు. అప్పుడు మైకు దగ్గరికొచ్చి మొదలుపెట్టారు. గౌరవనీయులైన అధ్యక్షులకు, సభ్యులకు, సభకు వందనాలు. పరాయివాళ్ళను ఆదరించిన ఈ దేశానికి కృతజ్ఞతలు. తన చిన్నతనంలో ఊరికి మొదటి బస్సు వచ్చిన రోజు గురించి, బడి పిల్లలంతా దాని వెనక పరిగెత్తిన సంగతి. కారు లేని తనలాంటి వృద్ధులకు ఈ బస్సు స్టేషన్ ఎంతటి వరమో. ఒక్క తప్పు లేని ఇంగ్లీషు. జనం శ్రద్ధగా విన్నారు. పసుపు దీపం వెలిగింది. నేను కుర్చీ అంచుకు జరిగాను. మా ఆయన పెదవులు కొరుక్కుంటున్నాడు. మామయ్యగారు ఇంకా బస్సునే పొగుడుతున్నారు. ఎర్రదీపం వెలిగి బజర్ మోగింది.

బడిలో గంట కొడితే సగం వాక్యంలోనైనా పాఠం ఆపేసిన హెడ్మాస్టరాయన. తలవంచి నమస్కారం పెట్టి వచ్చి కూర్చున్నారు. చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. నేను లేచి, ఆయన చెప్పాల్సింది ఇంకా ఉందన్నాను. ముందుగా పేరు ఇవ్వనివాళ్ళకు మాట్లాడే అవకాశం లేదని ఛైర్మన్ మర్యాదగా చెప్పాడు. భుజం మీద శాలువా అలాగే ఉంది.

తర్వాత మేం ఆఫీసుకు వెళ్ళాం, మనవి రాసిచ్చాం, మా ఆయన సెలవు పెట్టి రెండుసార్లు తిరిగాడు. ఎర్రజుట్టు అబ్బాయి నిజంగానే నొచ్చుకున్నాడు. పేటలో ఈ ప్లాన్‌ని మనస్ఫూర్తిగా స్వాగతించింది మీరేనని అందరం అనుకున్నామే అన్నాడు. పత్రికలో శాలువా ఫొటో కింద కూడా దాదాపు అదే మాట. మొదటి మ్యాపే ఖాయమైంది.

ఎదురింటి ఆవిడ మీద నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఒకరోజు మా గుమ్మం ముందు ఆగి, మీ గుడి పోతున్నందుకు విచారంగా ఉందని అంది. మేం ఎప్పుడూ వద్దనే అన్నామని చెప్పాను.

"మీకు ఆ బస్సు కావాలనుకున్నానే. వద్దని ఒక్క మాట చెప్పి ఉంటే, ఇల్లూ గుడీ రెండూ తియ్యొద్దని కలిసే అడిగేవాళ్ళం కదా" అంది.

మా వాళ్ళు వద్దనడానికి ముందు ఎంత పొడుగు దారి నడుస్తారో ఆవిడకి చెప్పే ఓపిక నాకు లేకపోయింది.

వేసవిలో గుడి పడగొట్టేశారు. మామయ్యగారిని చూడనివ్వకూడదని నేను తలుపులు వేశాను గానీ దుమ్ము కిటికీల మీద పడుతూనే ఉంది. మా ప్రార్థన శివార్లలో ఒక స్కూలు హాలుకి మారింది. అక్కడికి ఏ బస్సూ వెళ్ళదు. అప్పటికి మిల్లు కూడా మూతపడడంతో మా ఆయన దూరాన వేరే ఉద్యోగం వెతుక్కున్నాడు. నాకు చాలా ఆదివారాలు డ్యూటీ. ఎవరైనా వచ్చి కార్లో తీసుకెళ్తే మామయ్యగారికి ఆరాధన, లేకపోతే లేదు. ఆయన ఎవరినీ అడిగేవారు కాదు. కోటు తొడుక్కోవడం మానేశారు. వాకింగ్‌కి వెళ్ళమని నేను విసుక్కుంటే, ఎక్కడికమ్మా అనేవారు. ఆ మాటకి నాకు ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది. కోపమే బయటికి వచ్చేది.

ఒక మధ్యాహ్నం డ్యూటీ ముందే అయిపోయి ఇంటికొచ్చాను. వీధి చివర స్టేషన్‌కి కాంక్రీటు పోస్తున్నారు, ఆ రొదలో నేను తలుపు తీసిన చప్పుడు ఆయనకి వినపడలేదు. హాల్లో గోడ గడియారం ముందు నిలబడి ఉన్నారు. బనీను మీద టై లేకుండా కోటు. నిటారుగా నిలబడి ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. వందనాలు లేవు, కృతజ్ఞతలు లేవు.

"అయ్యా, దయచేసి మా గుడి తీసెయ్యకండి. నేను నడిచి వెళ్ళగలిగింది అక్కడికొక్కటే."

అక్కడ ఆగి, గడియారం చూసి, మళ్ళీ మొదటినుంచీ అదే చెప్పారు. అప్పుడు నన్ను చూశారు. సిగ్గుపడలేదు.

"చూశావామ్మా, నిమిషం కూడా పట్టలేదు" అన్నారు.