పక్కింటివాళ్లు ఒప్పుకోరండీ

ఆ రోజుల్లో నాకు తలమీద జుట్టూ, లెక్కమీద నమ్మకమూ రెండూ దట్టంగా ఉండేవి. ఇప్పుడు మొదటిది పూర్తిగా పోయింది, రెండోది పలచబడింది. (జుట్టు పోవడానికి కారణం నీళ్లమార్పు అంటుంది మా ఆవిడ. నా అనుమానం వేరు.) డిగ్రీ మధ్యలోనే ఆగిపోయినా కొల్లేరు చేపల చెరువుల గట్లమీద తిరుగుతూ సొంతంగా ఒక విద్య నేర్చుకున్నాను. చెరువులో ఒక మూల వల విసిరి, పడ్డ చేపల్ని చూసి, చెరువు మొత్తంలో సరుకెంతుందో చెప్పడం. రైతులు నా మాట నమ్మి మేత తెప్పించుకునేవారు. ఈ సంగతి విని ఏలూరులో ఒక పార్టీ నాయకుడు నన్ను పిలిపించి, "చేపల్ని లెక్కపెట్టేవాడివి, జనాన్ని లెక్కపెట్టలేవేంటయ్యా?" అన్నారు. పార్లమెంటు టికెట్టు కోసం ఎదురుచూస్తున్న ఆయన్ని అందరూ పెద్దబాబుగారు అనేవారు. ఎగిరి గంతేసి ఆయన ఆఫీసులో చేరిపోయాను. చేపలకూ మనుషులకూ పెద్ద తేడా ఏముంటుందిలే అనుకునే వయసు.

ఇద్దరు మగవాళ్లుగానీ, ఇద్దరు ఆడవాళ్లుగానీ ఇష్టపడి కలిసుంటే నేరం కాదని ఢిల్లీలో పెద్ద కోర్టు తీర్పు చెప్పిన కొత్త అది. తాడేపల్లిగూడెంలో ఎవరిదో పెళ్లికి వెళ్లి పులిహోర తింటున్న పెద్దబాబుగారి నోటి దగ్గర ఒక టీవీ అబ్బాయి మైకు పెట్టి, "మరి రేపు వాళ్లు పెళ్లి కూడా చేసుకుంటామంటే మీ పార్టీ ఏమంటుందండీ?" అని అడిగాడు. ఆయన ఆ ముద్దని ఎంతసేపు నమిలారంటే, చూస్తున్న నాకే దవడలు నొప్పిపుట్టాయి. చివరికి మింగి, "ప్రజలేమంటే మేమూ అదేనండీ" అన్నారు. కారెక్కాక నావైపు తిరిగి, "ఇంతకీ ఏమంటున్నారయ్యా వాళ్లు?" అన్నారు.

కనుక్కోవడానికి బయల్దేరాను. ఏలూరు మార్కెట్లో అడిగాను, గూడెంలో ఉల్లిపాయల లారీల దగ్గర అడిగాను, వట్లూరు కాలేజీల ముందు టీ తాగుతూ అడిగాను. మా ప్రాంతం వాళ్ల మర్యాద మీకు తెలియంది కాదు, అడిగినవాణ్ణి కుర్చీ వేయకుండా పంపరు. ఒక పెద్దాయన కూర్చోబెట్టి మజ్జిగిచ్చి, "ఎవరి బతుకు వాళ్లదండీ బాబూ, మధ్యలో నాకేం అభ్యంతరం? కానీ మా పక్కింటివాళ్లు ఒప్పుకోరండీ" అన్నారు. పక్కింటికి వెళ్లాను. అక్కడి ఆవిడ, "పాపం, వాళ్లేం చేస్తే మనకెందుకండీ? కానీ ఆ పక్కింటి పెద్దాయన ఉన్నారే, ఆయన చూడండి, అస్సలు ఒప్పుకోరు" అంది. ఇలా అందరూ తమకేం లేదనీ, ఊరు ఒప్పుకోదనీ చెప్పారు. నేను ఊరి అభిప్రాయం కనుక్కోవడానికి వచ్చినవాణ్ణి కాబట్టి వాళ్లు తమ గురించి చెప్పింది వదిలేసి, ఊరి గురించి చెప్పింది రాసుకున్నాను. చెరువులో చేప ఏదీ, "నేను వలలో పడటానికి సిద్ధమేనండీ, పక్క చేపే ఒప్పుకోదు" అని ఎప్పుడూ అనలేదు. అందువల్ల ఈ చిక్కు నాకు కొత్త. చిక్కు ఉందని కూడా తెలియనంత కొత్త.

"ఊరు ససేమిరా అంటోందండీ" అని లెక్క అప్పజెప్పాను. పెద్దబాబుగారు సంతోషించి, మన సంస్కృతి, మన కట్టుబాట్లు అంటూ ఒక ప్రకటన రాయించారు. అయితే పేపరుకు పంపలేదు. అవతలి పార్టీ నాయకుడు (మా ఆఫీసులో ఆయన్ని అవతలాయన అనేవారం) కూడా ఒకటి రాయించి, మాది వస్తుందేమోనని ఆగి ఉన్నాడని తెలిసింది. ఆయన ముందు వేస్తే చూద్దామని మేమూ ఆగాం.

అప్పుడు వచ్చింది కలిదిండి నుంచి మా పిన్ని. పిన్ని కూతురు, అంటే నా చెల్లాయి, అక్కడ చేపల చెరువుల నీళ్లు పరీక్షచేసే ల్యాబు నడుపుతోంది. దానితోపాటు వట్లూరులో చదువుకున్న అత్తిలి అమ్మాయిది కూడా అదే ల్యాబు, అదే ఇల్లు. వాళ్లది స్నేహం అనుకుని చాన్నాళ్లు, కాదని తెలిసి ఏడ్చి కొన్నాళ్లు గడిపిన పిన్ని, చివరికి కళ్లు తుడుచుకుని ఒక నిర్ణయానికి వచ్చింది.

"కోర్టువాళ్లు పెళ్లి అనకపోతే పోనీరా. పిల్లలిద్దరూ దండలు మార్చుకుంటారు, నేను ఊరికి భోజనం పెడతాను. భోజనం పెట్టొద్దని ఏ చట్టంలోనూ లేదుగా?"

"లేదు పిన్నీ. కానీ ఊరు..."

"అందుకేగా నీ దగ్గరకొచ్చింది! మీ పెద్దబాబుగారు ఒక్క పూట వచ్చి ఆకు ముందు కూర్చుంటే ఊళ్లోవాళ్లకి ధైర్యం వస్తుంది. గుండిగలనిండా అన్నముండి, పందిరినిండా ఖాళీ ఆకులుంటే, మా పిల్లదాని మొహం ఎలా చూడనురా నేను?"

మా వైపు నాయకుణ్ణి కొలిచేది ఉపన్యాసంతో కాదు, ఎవరింట్లో భోంచేశాడన్న దానితో. గృహప్రవేశం దగ్గర్నుంచి చెవులు కుట్టడం దాకా శుభలేఖ వస్తే వెళ్లి తీరాలి. వెళ్తే ఆ ఇంటిని ఒప్పుకున్నట్టు, వెళ్లకపోతే ఆ ఇంటిపేరు వాళ్లందరినీ వదులుకున్నట్టు. పెద్దబాబుగారు పిన్ని ఇచ్చిన శుభలేఖను వేడి గిన్నెలా పట్టుకున్నారు.

"ఏమయ్యా లెక్కలాయనా, వెళ్తే ఓట్లు పోతాయా, వస్తాయా?"

"పోతాయండీ."

"వెళ్లకపోతే?"

"అప్పుడూ కొన్ని పోతాయండీ."

"అయితే వెళ్లకుండానే పోగొట్టుకుందాం. పెట్రోలు అయినా మిగుల్తుంది" అన్నారాయన. తర్వాత కాస్త మెత్తబడి, "పిన్నిగారికి నా నమస్కారాలు చెప్పు. ఏదో పనిబడిందను" అన్నారు.

ఆ కబురు నేనే మోసుకెళ్లాను. పిన్ని విని, "మరి ఎంతమందికి వండించమంటావు?" అని మాత్రం అడిగింది. నేను పాత వల తీసి మళ్లీ విసిరాను. బంధువుల్లో మొహమాటస్తులు, ల్యాబుకు నీళ్లు తెచ్చే చెరువుల రైతుల్లో ఉదారులు, అంతే. అత్తిలి నుంచి ఒక్కరూ రారు. "ఒక బంతికి సరిపడా చాలు పిన్నీ" అన్నాను. ఒక వరస కూర్చుని లేవడం, అంతటితో సరి. చెల్లాయి పక్కనే నిలబడి విని, లోపలికి వెళ్లిపోయింది.

ఆ రోజు పొద్దున పందిట్లో నేనూ, వంటవాళ్లూ, పక్క చెరువు కొంగలూ తప్ప ఎవరూ లేరు. అత్తిలి అమ్మాయి గుమ్మంలో నిలబడి మాటిమాటికీ రోడ్డు చూస్తోంది. పిన్ని బూరెలు వేగుతున్న చోట నిలబడి పొగకి కళ్లు మండుతున్నాయంటోంది. (పొగ ఆవిడకి అవతలివైపు వెళ్తోంది.) ఇంతలో ఎదురింటి ముసలావిడ కోడలి చెయ్యి పట్టుకుని వచ్చింది. "ఎవరూ రారటమ్మా, ఊరంతా అనుకుంటున్నారు. పాపం వండింది పాడైపోతుందని మేం వచ్చాం" అంది. ఆవిడ వెనకే ఆవిడ పక్కింటివాళ్లు వచ్చారు. "ఎవరూ రారని తెలిసి, మనమైనా వెళ్లకపోతే బాగోదని" అన్నారు. ఆ తర్వాత మోటారుసైకిళ్లు, ఆటోలు, ట్రాక్టరు. అందరిదీ ఒకే మాట. ఎవరూ రారు కదా అని జాలిపడి అందరూ వచ్చేశారు! మొదటి బంతిలో చోటు చాలక, వచ్చినవాళ్లు ఒకళ్లనొకళ్లు చూసుకుని, "అదేంటండీ, మీరు రానన్నారటగా!" "నేనెక్కడన్నానండీ, మీరే కదా ఒప్పుకోనన్నది!" అంటూ సిగ్గుపడుతూ నవ్వుకున్నారు. అత్తిలి నుంచి వచ్చిన వ్యాన్లోంచి దిగిన ఒక పెద్దాయన ఎవరినీ పలకరించకుండా వచ్చి ఒక కుర్చీలో కూర్చున్నారు. అత్తిలి అమ్మాయి "నాన్నా" అని పరుగెత్తాక గాని ఆయనెవరో మాకు తెలియలేదు.

బంతి మధ్యలో సైరన్ల మోత. పెద్దబాబుగారు! అవతలాయన కార్లు కలిదిండి వైపు తిరిగాయని ఎవరో చెబితే ఏలూరు నుంచి ఆగమేఘాలమీద వచ్చేశారు. అవతలాయన నిజానికి అక్కడెవరో పోతే పరామర్శకు వచ్చారట. మా కార్లు చూసి, "అయ్యో, వీళ్లు ముందే వెళ్తున్నారు" అని ఆయనా మా వెనకే వచ్చేశారు. ఇద్దరూ పందిరి ముందు ఎదురుపడి, "ఆయ్, బాగున్నారాండీ?" "మీ దయవల్లండీ" అని చేతులు జోడించుకున్నారు. పిల్లలిద్దరూ దండలు మార్చుకున్నాక మైకు ఇస్తే మా నాయకుడు పెళ్లి అనడానికి నోరు రాక, కాదనడానికి మనసొప్పక, "ఈ శుభకార్యానికి" అన్నారు. అవతలాయన మైకు అందుకుని, "నేనూ ఈ శుభకార్యానికే" అన్నారు. చప్పట్లు ఆగలేదు. జనం ఎటున్నారో ఇద్దరికీ నా అవసరం లేకుండానే తెలిసిపోయింది.

భోజనానికి కూర్చోబెడితే ఆకుల్లో వడ్డించడానికి గుండిగల్లో అడుగంటిన పులిహోర తప్ప ఏమీ లేదు. పిన్ని కొంగు నడుముకు చుట్టి మళ్లీ ఎసరు పెట్టించింది. వచ్చే ఎన్నికల్లో ఏలూరును ఏలదలచిన ఇద్దరు పెద్దమనుషులూ అన్నం ఉడికేదాకా పక్కపక్కనే కూర్చుని, ఆవకాయ బాగుందని ఒకళ్లకొకళ్లు చెప్పుకున్నారు. పేపరుకు పంపకుండా దాచిన రెండు ప్రకటనల సంగతి ఆ తర్వాత ఎవరూ ఎత్తలేదు. మొన్నామధ్య పెళ్లి హక్కు గురించి మళ్లీ టీవీవాళ్లు అడిగితే, పెద్దబాబుగారు ఏమాత్రం నమలకుండా, "మా పార్టీ మొదట్నుంచీ వాళ్లవైపేనండీ, కలిదిండిలో అడగండి" అన్నారు. అవతలాయన కూడా కలిదిండిలోనే అడగమన్నారు.

ఆ రోజు అందరూ వెళ్లాక పిన్ని ఖాళీ గుండిగల మధ్య పీట వేసుకుని కూర్చుంది. అంత అలసటలోనూ ఆవిడ మొహం నేనెప్పుడూ చూడనంత తేటగా ఉంది. "ఒరేయ్, నీ లెక్క నమ్మి పరువు పోగొట్టుకున్నాన్రా. ఊరందరికీ బూరెలు చాల్లేదు!" అని నవ్వింది. నవ్వుతూనే, "ఇంతకీ అడగడం మర్చిపోయాను. మా పిల్లల సంగతి నీకు ఇష్టమేనా?" అంది.

"నాకేం పిన్నీ, నాకెప్పుడూ అభ్యంతరం లేదు. ఊరే..." అని ఆగిపోయాను.

నేను ఊళ్లోవాణ్ణి కాదని ఎప్పుడు అనుకున్నానో నాకే తెలియదు. జేబులో పెన్నుతో, ఆకలితో, ఆ గుండిగల పక్కన నోరు తెరుచుకుని నిలబడ్డ ఆ కుర్రాడు ఇప్పటికీ గుర్తొస్తాడు. ఇవాళ వాడు కనిపిస్తే తిట్టను. లెక్క తర్వాత చూసుకోవచ్చు గానీ, ముందు వచ్చి ఆ బంతిలో కూర్చోరా అబ్బాయ్ అంటాను.