వదిన నోటికి రాసిన అక్కి

దయ్యం పట్టిందని ఎవరైనా చెబితే ముందు జ్వరం చూడమనే మనిషిని నేను. ఇప్పటికీ అంతే. ఈ ఒక్కటి మాత్రం నాకు కొరుకుడు పడలేదు.

ఎనభైల చివర్లో మా ఆయనకు మద్రాసులో కిడ్నీ మార్చారు. నాది సరిపోలేదు. ఎమ్మిగనూరులో మగ్గం నేసే వాళ్లక్కది సరిపోయింది. ఆదోనిలో మా వీధంతా వదినను దేవత అంది. నేనూ అన్నాను, కడుపు మండుతూనే.

కొన్ని నెలలకు ఆయన పెదాల మీద, నోటి లోపల నీటి పొక్కులు లేచాయి. కిడ్నీ నిలవడానికి వాడే మందుల వల్ల ఒంట్లో శక్తి తగ్గి, వైరస్ పైకొచ్చిందన్నాడు డాక్టరు. మద్రాసు నుంచి కొత్త మాత్రలు తెప్పించాం. మింగడమే గండమైంది. గంజి చుక్క తగిలినా ఆయనకు కళ్లనీళ్లే. మందులు లోపలికి పోకపోతే కిడ్నీ దక్కదు.

సంగతి విని వదిన, అక్కి రాసే కుమ్మరాయన్ని వెంటబెట్టుకుని వచ్చింది. ఇలాంటి పొక్కుల మీద ఎర్రజాజు మట్టితో బొమ్మ గీస్తే మాడిపోతాయని మావైపు నమ్మకం. పుండ్లకు మట్టి తగలకూడదని డాక్టరు ముందే చెప్పాడు. ఆ మాట చెప్పి వదినను గుమ్మంలోనే ఆపాను. ఆపుతుంటే హాయిగా ఉండింది, అబద్ధమెందుకు.

వదిన కోప్పడలేదు. "పోనీలే సరోజా. వాని పేరు సెప్పి నా నోటికే రాయించుకుంటా. వాని లోపల ఉండేది నాదే గదా," అని బస్సెక్కింది.

ఆ మాటకు నాకు అన్నం సయించలేదు.

మరుసటి రోజు గంజి తాగిస్తుంటే చెంచా అంచున ఎరుపు కనబడింది. రక్తమనుకుని గుడ్డతో పెదాలు అద్దాను. తడిసిన జాజు వాసన. మాది గచ్చు ఇల్లు, జాజుతో అలికే పనే లేదు. ఆయన మంచం దిగలేదు, గదిలోకి నేను తప్ప ఎవరూ రాలేదు. ఆ పూట గిన్నెడు గంజి తాగి, "అక్క యాడుంది?" అని అడిగాడు.

డాక్టరు నోరు చూసి, "మాత్రలు పనిచేసినాయమ్మా," అన్నాడు. చేసే ఉంటాయి. మింగించింది నేనే. వీధిలో పేరు మాత్రం మళ్లీ వదినకే పోయింది.

ఏడాది తిరక్కుండా పొక్కులు మళ్లీ వచ్చాయి. మాత్రలు మొదలుపెట్టి, ఎవరికీ చెప్పకుండా ఎమ్మిగనూరు వెళ్లాను. అదే కుమ్మరాయనతో, మా ఆయన పేరు చెప్పి, నా నోటికి అక్కి రాయించుకున్నాను. ముఖాన కొంగు కప్పుకుని బస్సులో తిరిగొచ్చాను. గంజి తాగించి, చెంచాను వెలుతురులో తిప్పి తిప్పి చూశాను. గంజి తెలుపు తప్ప ఏమీ లేదు. గుడ్డతో అద్దినా ఏమీ అంటలేదు.

ఆయనకు తగ్గింది, మాత్రలతోనే. మొదటిసారి ఆ ఎరుపు ఎలా వచ్చిందో నాకు తెలియదు. నేను రాయించుకుంటే ఎందుకు రాలేదో, అది అంతకన్నా తెలియదు. కట్టుకున్నదాన్ని నేనే కదా.