కుర్చీలు గుండ్రంగా వేయించిన మేడమ్

పక్క గదిలో మా జట్టు పిల్లలు కుర్చీలు ఈడుస్తున్నారు. ఆ గీరుడు చప్పుడు వింటే నాకు విజయకుమారి మేడమ్ గుర్తొస్తారు, గుండె కలుక్కుమంటుంది. మాదాపూర్‌లో నా మొదటి ఉద్యోగం ఆవిడ దగ్గరే. జర్మన్‌లో వచ్చే యంత్రాల వాడకం పుస్తకాలను మేం ఇంగ్లీషులోకి మార్చేవాళ్లం. మేడమ్ కాకినాడ మనిషి. నాలాంటి కుర్రాణ్ని కూడా మీరు, అండి అనే పిలిచేవారు.

చేరిన రెండో నెలలోనే ఒక హెచ్చరికను తలకిందులు చేశాను. మూత తీయకూడదన్నచోట తీయవచ్చని రాశాను. అచ్చుకు వెళ్లబోతుండగా పట్టుబడింది. మేడమ్ కుర్చీలు గుండ్రంగా వేయించి, అందరినీ కూర్చోబెట్టారు. నా పని అయిపోయిందనుకున్నాను.

"యాదగిరి గారూ, జర్మన్‌లో డింగ్ అంటే ఏంటండీ?"

"వస్తువు మేడమ్. ఇంగ్లీషుల థింగ్ అన్నట్టే. గిప్పుడు గదెందుకు మేడమ్?"

"రెండూ ఒక తల్లి బిడ్డలేనండి. మొదట్లో సభ అని అర్థం. ఊరంతా కూడి తగువు తీర్చుకునే సభ. తర్వాత సభలో మాట్లాడే విషయమైంది, చివరికి ఏ వస్తువైనా అయింది. స్వీడన్, డెన్మార్క్ వాళ్ల టింగ్ అనే మాటలో మాత్రం ఆ సభ ఇంకా బతికే ఉంది. తప్పును కూడా మనం సభలోనే పెడదాం. ముందు నాది. ఆ పేజీ చదవకుండానే సంతకం పెట్టాను."

ఒక తప్పు దిద్దడానికి అన్ని దేశాలు తిరగాలా అని బుర్ర గోక్కున్నాను. ఉద్యోగం మాత్రం నిలిచింది.

మూడేళ్ల తర్వాత అనువాదాలు కంప్యూటరే చేస్తుందని మనుషులను తగ్గించారు. మేడమ్‌ను తీసేయడానికి ఆ పాత పేజీ మీది సంతకాన్నే కారణంగా చూపించారు. "ఎవరైనా ఏమైనా చెప్తారా?" అని కంపెనీ పెద్దాయన అడిగాడు. ఆ రోజు కుర్చీలు బారులుగా ఉన్నాయి. మేడమ్ నన్ను చూశారో, నా వెనక గోడను చూశారో ఇప్పటికీ తేల్చుకోలేను. నేను తల దించుకున్నాను.

లిఫ్ట్ దగ్గర, "మేడమ్, ఆ తప్పు నాదని నేను చెప్పాల్సుండె..." అని నీళ్లు నమిలాను.

"భోజనం చేశారా?" అన్నారు. అది క్షమించడమా, మాట తప్పించడమా? ఎంత ఆలోచించినా అంతుపట్టదు.

ఇప్పుడు జట్టుకు పెద్దను నేనే. ఏ పొరపాటు జరిగినా కుర్చీలు గుండ్రంగా వేయిస్తాను. పెద్దవాడు తన తప్పు ముందు చెప్పాలన్నది నియమం. "సార్, అందరూ వచ్చిన్రు," అని పిలుస్తున్నారు. ఎప్పటిలాగే చిన్న తప్పేదో ఒకటి వెతుక్కుంటూ లేచాను. ఆ పేజీ విషయంలో మేడమ్ కోసం నోరు విప్పని సంగతి మాత్రం ఇంతవరకూ ఏ సభలోనూ పెట్టలేదు.