రిటైరైన తర్వాతి డ్యూటీ

రిటైరైన మర్నాడు మా నాన్న మామూలుగానే డ్యూటీకి వెళ్ళాడు. ముందురోజు ఆఫీసులో వేసిన బంతిపూల దండ ఇంకా గోడ మేకుకు వేలాడుతూనే ఉంది. అమ్మ కాఫీ కలిపి వెనక్కి తిరిగేసరికి ఖాకీ చొక్కా తొడుక్కుని సైకిలు బయటికి తీస్తున్నాడు. "ఎక్కడికి?" అని అడిగింది. "ఎక్కడికేంటి, లాకుల దగ్గరికి," అన్నాడు. అక్కడ మిగిలిపోయిన సామాను తెచ్చుకోవడానికేమో అనుకున్నాం. మధ్యాహ్నమైనా రాలేదు. అన్నం క్యారేజీ పంపమని కబురు మాత్రం వచ్చింది.

నాన్న కాలువ మీద లస్కరు. విజయవాడ దాటాక బందరు కాలువ మీద ఉన్న ఒక లాకు దగ్గర ఆయన పని. పైనుంచి వచ్చిన ఆర్డరును బట్టి లాకు తలుపులు ఎత్తాలి, దించాలి. కొట్టుకొచ్చిన గుర్రపుడెక్కను కొక్కెం కర్రతో లాగి గట్టున పడేయాలి. గట్టుకు ఎవరూ గండి కొట్టకుండా కాపలా కాయాలి. ఇదంతా మొదట్లో రోజు కూలి లెక్కన చేసేవాడు. మస్టర్లో, అంటే హాజరు పట్టీలో, పేరుంటే ఆ రోజుకు కూలి, లేకపోతే లేదు.

తొంభైల మొదట్లో ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గాక గడ్డం గీయించుకుని లాకుల దగ్గరికి వెళ్తే, "రేపట్నుంచి రావద్దు," అన్నారు. ఆయనొక్కణ్ణే కాదు, ఆ ఏడు చాలామంది కూలీలను ఏదో ఒక వంక పెట్టి అలాగే ఇంటికి పంపారు. కొందరు ఊరుకున్నారు. నాన్న, సాయిబు బాబాయ్, ఇంకొంతమంది కలిసి లేబర్ కోర్టుకు వెళ్ళారు. సాయిబు బాబాయ్ నాన్నతో పాటు అదే లాకు మీద పనిచేసిన మనిషి. చుట్టం కాకపోయినా మా ఇంట్లో ఏం జరిగినా ముందు ఆయనే ఉండేవాడు. కేసు నడిచినన్నాళ్ళూ ఇద్దరూ వన్‌టౌన్‌లో హోల్‌సేల్ కొట్ల దగ్గర బస్తాలు మోశారు. చివరికి జడ్జిగారు వీళ్ళను పనిలోకి తీసుకోమన్నారు. బయట ఉన్న కాలానికి జీతం ఇవ్వక్కర్లేదు గానీ సర్వీసు మాత్రం తెగకుండా లెక్కవేయాలన్నారు. ఆ రోజు కోర్టు వరండాలో లాయరుగారు నాన్న భుజం తట్టి, "నీ సర్వీసుకి బ్రేకు లేదని రాశారయ్యా. ఇకమీదట కూడా బ్రేకు రానివ్వకు," అన్నారట.

ఆయన మామూలుగా అనేసి ఉంటారు. మా నాన్న ఆ మాటను తాయెత్తులా కట్టుకున్నాడు.

తిరిగి పనిలోకి వచ్చిన వీళ్ళను ఆఫీసులో 'కేసువాళ్ళు' అనేవారు. కేసువాళ్ళు సెలవు పెట్టరు. పర్మనెంటు చేశాక కూడా పెట్టలేదు. మీకు క్యాజువల్ లీవులున్నాయని ఎవరు చెప్పినా అది తమను వదిలించుకోవడానికి పన్నిన ఎత్తేమో అన్నట్టు చూసేవాళ్ళు. ఎవరికైనా మరీ తప్పకపోతే ఇంకో కేసువాడు వెళ్ళి అతని చోట నిలబడేవాడు. అలా నిలబడితే చెల్లుతుందా అని ఏ ఆఫీసర్నీ అడగలేదు, అడిగితే ఏమంటారోనని భయం. మా నాయనమ్మ పోయినప్పుడు నాన్న శ్మశానం నుంచి తడిబట్టలతోనే లాకుల దగ్గరికి వెళ్ళి కాసేపు నిలబడి వచ్చాడు. మా మేనత్త ఏడుపు ఆపి మరీ తిట్టింది.

వీధిలో ఆఫీసు జీపు చప్పుడైతే మా అమ్మ చేతిలో పని చేతిలోనే ఆగిపోయేది. ఆ భయం నాకూ అంటుకుంది. కాకపోతే నాకు భయం వేస్తే కోపం వస్తుంది. అందుకే రిటైరైన మర్నాటి సాయంత్రం నాన్న సైకిలు గోడకు ఆనించకముందే విరుచుకుపడ్డాను.

"నిన్న శాలువా కప్పి పంపించారు కదా నాన్నా! ఇవాళ ఏం పనుందని వెళ్ళావు?"

"పెన్షను కాగితం వచ్చిందా?"

"ఇంకా రాలేదు."

"మరి?" అని కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు.

పెన్షను సంగతి ఇదీ. పర్మనెంటు అయ్యాక చేసిన ఏళ్ళు మాత్రమే చూస్తే పెన్షనుకు చాలవు. కూలీగా చేసిన ఏళ్ళు, కేసు నడిచిన ఏళ్ళు కలిపితేనే వస్తుంది. కలపక్కర్లేదని ఆఫీసువాళ్ళు హైదరాబాదులో హైకోర్టుకు వెళ్ళారు. "అక్కడ తేలాలండీ, మా చేతుల్లో ఏం లేదు," అన్నాడు గుమాస్తా. తేలకపోతే మా ముగ్గురికీ నా ప్రైవేటు స్కూలు జీతమే దిక్కు. నాన్నకేమైనా అయితే అమ్మకు కొంతైనా వస్తుందన్న ధీమా కూడా పోతుంది. అమ్మకు అప్పటికే షుగరు.

నాన్న ఆలోచన వేరు. కేసు తేలలేదంటే సర్వీసూ తేలనట్టే, తేలకముందే ఇంట్లో కూర్చుంటే బ్రేకు అంటారు. ఇది ఆయన ఒక్కడి తెలివి కాదు. ఆయన కంటే ముందు రిటైరైన సాయిబు బాబాయ్‌తో సహా కేసువాళ్ళందరూ అలాగే వెళ్ళి నిలబడుతున్నారు. నాన్న చోట కొత్త లస్కర్ని వేయలేదు కాబట్టి అక్కడ ఎవరూ వద్దనలేదు. జీతం అడగని మనిషి తలుపులు ఎత్తిపెడుతుంటే ఎవరికి చేదు?

నేనొక రోజు స్కూలుకు సెలవు పెట్టి లాయరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"రిటైరైనవాడికి బ్రేకేంటమ్మా? ఆ రోజుతో సర్వీసు పూర్తయింది. ఇప్పుడు ఆయన ఆ తలుపు మీద చెయ్యి వేస్తేనే ప్రమాదం. ఏ గట్టో తెగి ఎవరి పొలమో మునిగిందనుకో, ముట్టుకోవడానికి నువ్వెవరివని ఆయన మీదే కేసు పెడతారు. అలాంటి కేసుంటే పెన్షను ఆపేస్తారు. ముందు ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టు."

పెన్షను పోకూడదని చేస్తున్న పనే పెన్షనుకు ఎసరు పెట్టేలా ఉంది. అన్నం తినేటప్పుడు నాన్నకు మాట పొల్లుపోకుండా చెప్పాను. ఆయన తల ఎత్తలేదు.

"లాయరుగారికేం. ఆయన్ని ఎప్పుడూ ఎవరూ రేపట్నుంచి రావద్దనలేదు," అన్నాడు.



ఆ ఏడు ముసురు వదల్లేదు. కాలువ గట్లు ఒరుసుకుంటూ పారింది. నేను పిల్లలకు లెక్కలు చెబుతూనే, తలుపు పైనున్న తడిసిన ఇనప దూలం మీద నాన్న నిలబడి ఉండటం కళ్ళముందు చూసేదాన్ని. ఆఫీసు రూమ్ నుంచి ఆయా నా క్లాసు వైపు నడిచి వస్తుంటే లెక్క మధ్యలో వదిలేసి గుమ్మంలోకి వెళ్ళేదాన్ని. ఒక రోజు నిజంగానే నాకోసం వచ్చింది, ఫోనొచ్చిందని. అవతల సాయిబు బాబాయ్.

"బేటీ, ఓసారి ఇంటికి రా. కంగారేం లేదు."

కంగారేం లేదని ఆయన అనగానే మళ్ళీ క్లాసులోకి కూడా వెళ్ళకుండా బయల్దేరాను.

వెళ్ళేసరికి నాన్న చాప మీద పడుకుని ఉన్నాడు. కుడికాలు మోకాలి కింద వేరే వైపుకి తిరిగి ఉంది. గుర్రపుడెక్కతో పాటు కొట్టుకొచ్చిన మొద్దొకటి తలుపు కింద ఇరుక్కుందట. దాన్ని లాగబోయి జారి రాతికట్టు మీద పడ్డాడు. అటు కాలువలో పడి ఉంటే దక్కేవాడు కాదు. అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్తామంటే ఒప్పుకోక, ఆటోలో ఇంటికి తెమ్మన్నాడట.

"బాత్రూంలో పడ్డానని చెప్పండి," అన్నాడు పళ్ళు బిగబట్టి. "ఇంటి నుంచే తీసుకెళ్ళండి."

మా ఇంట్లో ఉన్నదాన్ని బాత్రూం అనడానికి కూడా లేదు, తడికలు కట్టిన మూల. అయినా పెద్దాసుపత్రిలో కుర్ర డాక్టరు అడిగితే అమ్మ అదే చెప్పింది. "బాత్రూంలోనండీ, కాలు జారిందండీ." డాక్టరు నాన్న ప్యాంటు మడత విప్పి, నల్లటి వేర్ల కుచ్చు ఒకటి లాగి మా ముందు పట్టుకున్నాడు.

"ఏ బాత్రూంలో ఉంటుందమ్మా గుర్రపుడెక్క?"

గుమ్మం పక్కన బెంచీ మీద అవుట్‌పోస్టు కానిస్టేబులు కూర్చుని ఉన్నాడు. "మా ఇల్లు కాలువ పక్కనేనండీ, నీళ్ళు అక్కడివే తెచ్చుకుంటాం," అన్నాను నేను. అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. డాక్టరు మా ముగ్గురి మొహాలూ చూసి ఏదో రాసుకున్నాడు. ఏం రాశారండీ అని అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

మర్నాడు కట్టు వేశాక నాన్న కళ్ళు తెరుస్తూనే, "లాకు దగ్గర ఎవరున్నారు?" అన్నాడు.

"నేను లేనా? నీ చోట నిలబడే వస్తన్నా," అన్నాడు సాయిబు బాబాయ్. నాన్న మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

రిటైరైనాయన బదులు ఇంకో రిటైరైనాయన డ్యూటీ! వార్డంతా వినబడేలా ఇద్దర్నీ కేకలేశాను. బాబాయ్ తల దించుకుని నాన్న దుప్పటి సర్దుతూ కూర్చున్నాడు. అరుస్తూ అరుస్తూ ఏడ్చేశాను.

ఆ తర్వాత నెలల తరబడి ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బతికాం. కేసు పెడుతూ ఆఫీసు నుంచి నోటీసు వస్తుందని, డాక్టరు రాసింది ఎవరి కంటైనా పడుతుందని. పోస్టుమాన్ మా వీధి మలుపు తిరిగితే అమ్మ తలుపు దగ్గరగా వేసేది. నాన్న కాలు అతుక్కుంది గానీ సరిగ్గా అతుక్కోలేదు. మోకాలి కింద వంకర అలాగే ఉండిపోయింది.

చివరికి హైకోర్టులో ఆఫీసువాళ్ళ అప్పీలు కొట్టేశారు. కొన్నాళ్ళకు పెన్షను ఆర్డరు వచ్చింది. కవరు బాబాయ్ చింపి ఇచ్చాడు. నేను ఇంగ్లీషులో చదువుతూ తెలుగులో చెబుతుంటే నాన్న కర్ర పట్టుకుని ఎదురుగా కూర్చుని విన్నాడు. మొదట పనిలో చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా మొత్తం లెక్కలోకి తీసుకున్నారు. అమ్మ లేచి దేవుడి పటం దగ్గరికి వెళ్ళింది.

"ఇంకోసారి చదువు," అన్నాడు నాన్న. చదివాను.

"ఆ తర్వాత నేను చేసింది ఏమన్నా రాశారా?"

"లేదు నాన్నా. రిటైరైన రోజుతోనే ఆపేశారు." అన్ని నెలలు వానలో నిలబడ్డ మనిషి.

"కాలు విరిగిన సంగతి?"

"అది కూడా ఎక్కడా లేదు."

నాన్న వంకర తిరిగిన కాలి మీదకు పంచె లాక్కున్నాడు.

"హమ్మయ్య," అన్నాడు. "బతికిపోయాం."